పిల్లల కిడ్నీలో రాయి: కోత లేని ఆపరేషన్ ఎంచుకోవడం మొదలు స్టెంట్ తీయించేదాకా

స్కానింగ్ రిపోర్టులో "కుడి కిడ్నీలో 9 మి.మీ. రాయి" అని కనబడగానే ఇంట్లో రెండు మాటలు బయల్దేరతాయి. ఒకటి, "లేజర్‌తో అరగంటలో తీసేస్తారట." రెండోది, "కొండపిండి ఆకు రసం పోస్తే కరిగిపోతుంది." పిల్లల విషయంలో రెండూ దారి తప్పించే మాటలే. కోత లేకుండా, లేదా పెన్సిల్ కంటే సన్నని రంధ్రంతో రాయి తీసే పద్ధతులు ఇవాళ పసిపిల్లలకూ ఉన్నాయి. కాకపోతే పెద్దవాళ్లకు ఒక్కసారిలో అయ్యే పని పిల్లలకు తరచు రెండుసార్లు, ఒక్కోసారి మూడుసార్లు మత్తు ఇచ్చి చేయాల్సి వస్తుంది. ఇది ముందే తెలిసిన తల్లిదండ్రులు సరైన ప్రశ్నలు అడుగుతారు. తెలియనివాళ్లు రెండో సిట్టింగ్ అనగానే మోసపోయామనుకుని ఆస్పత్రి మారుస్తారు, లోపల స్టెంట్ (కిడ్నీ నుంచి మూత్రాశయానికి వచ్చే మూత్రనాళంలో, మూత్రం ఆగకుండా పెట్టే సన్నని గొట్టం) ఉన్న పిల్లాణ్ణి చంకనేసుకుని.

ఆగొచ్చా, ఆగకూడదా

రాయి అడ్డుపడి మూత్రం నిలిచిపోయి, దానికి జ్వరం కూడా తోడైతే ఆ రోజే ఆస్పత్రిలో చేర్చాలి. రాత్రయినా సరే. అప్పుడు డాక్టర్లు రాయి జోలికి పోరు, పోకూడదు కూడా. చెడిన మూత్రం బయటికి వచ్చే దారి మాత్రం చేస్తారు. కింది నుంచి స్టెంట్ పెడతారు, లేదంటే నడుము వెనక నుంచి కిడ్నీలోకి నెఫ్రాస్టమీ అనే సన్నని గొట్టం వేస్తారు. ఇన్ఫెక్షన్ పూర్తిగా అణిగాకే రాయి సంగతి. ఒకే కిడ్నీ ఉన్న పిల్లలు, రెండు వైపులా అడ్డుపడినవాళ్లు, మూత్రం బొత్తిగా రానివాళ్లు, వాంతులతో గుక్కెడు నీళ్లూ నిలవనివాళ్లు కూడా జ్వరం లేకపోయినా ఆగకూడదు.

పసిపిల్లలు "నడుము నొప్పి" అని చెప్పరు. బొడ్డు చుట్టూ చెయ్యి పెట్టి చూపిస్తారు, లేదా ఊరికే ఏడుస్తారు. రెండు మూడేళ్ల పిల్లల్లో రాయి చాలాసార్లు పదేపదే వచ్చే యూరిన్ ఇన్ఫెక్షన్ రూపంలోనో, డయపర్‌పై ఎర్రమరకగానో బయటపడుతుంది.

మొదటి పరీక్ష అల్ట్రాసౌండే. రేడియేషన్ ఉండదు. అయితే దానికి రెండు బలహీనతలు ఉన్నాయి. చిన్న రాళ్లను ఉన్నదానికంటే పెద్దగా చూపిస్తుంది. మూత్రనాళం మధ్యభాగంలో ఇరుక్కున్న రాయిని తరచు చూడలేదు. నాళం చివర, మూత్రాశయం దగ్గర ఉన్న రాయి కనబడాలంటే మూత్రాశయం నిండి ఉండాలి, కాబట్టి స్కానింగ్‌కు ముందు పిల్లాడితో నీళ్లు తాగించండి, ఒకటికి పంపకండి. ఆపరేషన్ ప్లాన్ చేయడానికి సీటీ కావాలంటే కాంట్రాస్ట్ (రంగు మందు) ఎక్కించని, తక్కువ డోసు సీటీ తీయమని అడగొచ్చు. అందులో రాయి గట్టిదనాన్ని హౌన్స్‌ఫీల్డ్ అంకెలో చెబుతారు. అది 1000 దాటితే షాక్ తరంగాలకు లొంగడం కష్టం.

5 మి.మీ. లోపు రాయి దానంతట అదే పడిపోయే అవకాశం బాగానే ఉంది. జ్వరం లేక, నొప్పి మందుతో అదుపులో ఉండి, కిడ్నీ పనితీరు బాగుంటే నాలుగు నుంచి ఆరు వారాలు చూస్తారు. నాళం వదులయ్యేందుకు టామ్సులోసిన్ రాయవచ్చు. రాళ్ల కోసం పిల్లలకు వాడడం ఆ మందుకు అధికారికంగా ఆమోదించిన వాడకం కాదు, డాక్టరు విచక్షణ మీద ఇచ్చేది. కళ్లు తిరిగే అవకాశం ఉంది కాబట్టి పడుకునే ముందు ఇస్తారు. ఈ వారాల్లో మూత్రాన్ని టీ వడకట్టే జల్లెడలో పట్టండి. పడిన రాయిని పారేయొద్దు. దాని పని తర్వాత చాలా ఉంది.

కొండపిండి, ఉలవల నీళ్లు, అరటి దవ్వ రసం మీద ఒక్క మాట. నీళ్లు ఎక్కువ తాగడం వల్ల వచ్చే మేలు వీటితోనూ వస్తుంది. ఇరుక్కుపోయిన 10 మి.మీ. క్యాల్షియం రాయిని ఇవి కరిగించవు. నిలిచిన మూత్రం కిడ్నీని నొక్కుతుంటే ఆ రెండు నెలల ఎదురుచూపుకు మూల్యం కిడ్నీయే చెల్లిస్తుంది, అదీ నొప్పి తెలియకుండా.

నాలుగు దారులు

పద్ధతిని ఎంచేది రాయి సైజు ఒక్కటే అనుకుంటారు. నిజానికి పిల్లాడి మూత్రనాళం ఎంత సన్నగా ఉంది, రాయి కిడ్నీలో ఏ గదిలో ఉంది, అది ఎంత గట్టిది అన్న మూడూ సైజుతో సమానం. ఇక్కడ "ఫ్రెంచ్" అనే కొలత ఒకటి తెలుసుకుంటే డాక్టరు మాట సగం అర్థమవుతుంది. 3 ఫ్రెంచ్ అంటే 1 మి.మీ. మందం.

మొదటిది షాక్ వేవ్. శరీరం బయటి నుంచి తరంగాలు పంపి రాయిని పిండి చేస్తారు, ముక్కలు మూత్రంలో పడిపోతాయి. 1980లో మ్యూనిక్‌లో మొదలైన పద్ధతి ఇది. కిడ్నీలో 10 మి.మీ. లోపు రాయికి, కింది గదిలో కానప్పుడు 20 మి.మీ. వరకూ కూడా, పిల్లల్లో ఇంకా మంచి మొదటి ఎంపికే. పిల్లల నాళం పొట్టిది, సాగేది. అందుకే పెద్దవాళ్ల కంటే పిల్లలే ముక్కలను సులువుగా వదిలేస్తారు. చర్మం నుంచి రాయి దాకా దూరమూ తక్కువ. లేజర్ మాట వినగానే "పాత పద్ధతి" అని దీన్ని తీసిపారేయడం తొందరపాటు.

దీనికీ షరతులున్నాయి. పదేళ్లలోపు పిల్లలు కదలకుండా పడుకోలేరు కాబట్టి మత్తు తప్పదు. తరంగాలు నిమిషానికి 60 నుంచి 90 వేగంతో, మొత్తం 2000 లోపు ఉండేలా, తక్కువ శక్తితో మొదలుపెట్టి పెంచుకుంటూ వెళ్తారు. చిన్న పిల్లల్లో ఊపిరితిత్తి కిడ్నీకి బాగా దగ్గర, అందుకే పక్కటెముకల వైపు ఫోమ్ షీటు అడ్డు పెడతారు. రక్తం గడ్డకట్టని జబ్బు, తగ్గని ఇన్ఫెక్షన్, రాయి కింద నాళం మూసుకుపోయి ఉండడం, ఈ మూడింటిలో ఏది ఉన్నా షాక్ వేవ్ వద్దు. పుట్టుకతో వచ్చే లోపం వల్ల కట్టే సిస్టీన్ రాయి దీనికి మొండిది. పెద్ద రాయిని పగలగొడితే ఒక్కోసారి ముక్కలు నాళంలో వరసగా పేరుకుని దారి మూసేస్తాయి, అప్పుడు స్టెంటో, ఎండోస్కోపీయో కావాలి.

రెండోది యురెటరోస్కోపీ. మూత్రం వచ్చే దారిలోంచే సన్నని కెమెరా గొట్టం పంపి లేజర్‌తో రాయి పగలగొడతారు. నాళంలో రాయికి 4.5 నుంచి 6.5 ఫ్రెంచ్ మందం ఉండే గట్టి గొట్టం, కిడ్నీలో రాయికి మెత్తగా వంగే గొట్టం వాడతారు. ఈ రెండోదాన్నే ఆర్ఐఆర్ఎస్ అంటారు. బయట ఎక్కడా గాటు ఉండదు. అందుకే అందరూ ఇదే అడుగుతారు.

పేచీ వచ్చేది ఇక్కడే. వంగే గొట్టం మందం మామూలుగా 7.5 ఫ్రెంచ్ పైన, అంటే రెండున్నర మిల్లీమీటర్లు. దాన్ని సులువుగా పైకి కిందికి పంపేందుకు పెట్టే తొడుగు బయటి మందం 11.5, 12 ఫ్రెంచ్, దాదాపు 4 మి.మీ. నాలుగేళ్ల పిల్లాడి నాళం ఆ రోజు అంత వదులుగా ఉంటుందని ఎవరూ ముందే హామీ ఇవ్వలేరు. బలంగా తోస్తే నాళం చిరుగుతుంది. చిరిగిన చోట నెలల తర్వాత మచ్చ కట్టి ఇరుకైపోతుంది, కిడ్నీ మెల్లగా ఉబ్బుతుంది. అనుభవం ఉన్న సర్జన్ బిగుతు తగలగానే ఆగిపోతారు. ఒక స్టెంట్ పెట్టి బయటికి వచ్చేస్తారు. వారం, రెండు వారాల్లో స్టెంట్ చుట్టూ నాళం దానంతటదే వదులవుతుంది, అప్పుడు మళ్లీ వెళ్తారు. తలుపు దగ్గరే వెనక్కి తిరగడం ఆపరేషన్ విఫలమవడం కాదు. ఈ మొత్తం వ్యవహారంలో సర్జన్ తీసుకునే అతి మంచి నిర్ణయం బహుశా అదే.

మూడోది పీసీఎన్ఎల్, నడుము వెనక నుంచి కిడ్నీలోకి నేరుగా దారి చేయడం. 1976లో స్వీడన్‌లో మొదటిసారి చేసినప్పుడు ఇది పెద్దవాళ్ల కోసమే. పెద్దవాళ్ల దారి 24 నుంచి 30 ఫ్రెంచ్, అంటే సెంటీమీటరు దాకా ఉంటుంది. పిల్లాడి ఎనిమిది సెంటీమీటర్ల కిడ్నీలో అంత రంధ్రం పెద్ద గాయం. 1990ల చివర్లో 11 ఫ్రెంచ్ తొడుగుతో పిల్లలకు చేయడం మొదలయ్యాక మినీ పద్ధతి నిలదొక్కుకుంది. గుజరాత్‌లోని నడియాద్ డాక్టర్లు 2011లో 4.85 ఫ్రెంచ్ సూదిలోంచే రాయి పగలగొట్టే మైక్రో పద్ధతిని ప్రకటించారు. ఇవాళ పిల్లలకు ఎక్కువగా 12 నుంచి 18 ఫ్రెంచ్ మధ్య వాడతారు. 20 మి.మీ. దాటిన రాయికి, కొమ్ముల్లా అన్ని గదుల్లోకీ పాకిన రాయికి, కింది గదిలో 10 మి.మీ. పైబడిన గట్టి రాయికి ఇదే సరైన దారి. రంధ్రం ఎంత చిన్నదైతే అంత మంచిదన్న లెక్క ఇక్కడ కుదరదు. మైక్రోలో ముక్కలు బయటికి తీసే దారి ఉండదు, అవి నాళంలోంచే పడాలి. 25 మి.మీ. రాయికి 5 ఫ్రెంచ్ సూది పట్టుకెళ్లడం చెంచాతో చెరువు తోడడమే.

నాలుగోది లాపరోస్కోపీ (పొట్టలో చిన్న రంధ్రాల్లోంచి కెమెరాతో చేసేది), రోబో. కిడ్నీ నుంచి నాళం మొదలయ్యే చోటే పుట్టుకతో ఇరుకు ఉంటే రాయి దాని ఫలితం మాత్రమే. అప్పుడు ఇరుకును సరిచేస్తూ అదే మత్తులో రాళ్లు ఏరేస్తారు. రాయి ఒక్కటే తీసి ఇరుకు వదిలేస్తే మళ్లీ వస్తుంది. మూత్రాశయంలో రాయి ఉన్న చిన్న మగపిల్లలకు మూత్రమార్గం సన్నది, అందుకే పొత్తికడుపులో చిన్న రంధ్రం చేసి తీయడం మేలు.

ఆపరేషన్‌కు ముందు

అన్నిటికంటే ముఖ్యమైన పరీక్ష యూరిన్ కల్చర్. మామూలు యూరిన్ పరీక్ష దానికి బదులు కాదు. రిజల్టు రావడానికి రెండు మూడు రోజులు పడుతుంది, క్రిములు ఉంటే వాటికి సరిపోయే యాంటీబయాటిక్ ముందే మొదలుపెట్టాలి. కాబట్టి ఆపరేషన్‌కు వారం పది రోజుల ముందే ఇవ్వండి. పిల్లాణ్ణి శుభ్రంగా కడిగి, మొదటి ధార వదిలేసి మధ్య ధార పట్టాలి. చర్మానికి అంటించే సంచిలో పట్టిన మూత్రంలో చర్మం మీది క్రిములు కలిసి లేని ఇన్ఫెక్షన్ చూపిస్తుంది. ఆ డబ్బా గంటలో ల్యాబ్‌కు చేరాలి, లేకపోతే ఫ్రిజ్‌లో పెట్టాలి. క్రిములున్న మూత్రంతో లోపలికి వెళ్లి నీటి ఒత్తిడి పెంచితే అవి నేరుగా రక్తంలోకి ఎక్కుతాయి. ఆపరేషన్ అయిన రాత్రి చలితో వచ్చే జ్వరాలకు పెద్ద కారణం ఇదే.

రక్తపరీక్షల్లో కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ చూసేటప్పుడు జాగ్రత్త. ల్యాబ్ కాగితం మీద పక్కన అచ్చయ్యే "నార్మల్" తరచు పెద్దవాళ్లది. నాలుగేళ్ల పిల్లాడికి 0.3 నుంచి 0.5 మామూలు. 0.9 ఉంటే కాగితం నార్మల్ అంటుంది, కిడ్నీ మాత్రం సగమే పనిచేస్తూ ఉండొచ్చు. కిడ్నీ వడపోత వేగం లెక్క సులువు: ఎత్తు సెంటీమీటర్లలో తీసుకుని 0.413తో గుణించి క్రియాటినిన్‌తో భాగించండి. 100 సెం.మీ. పిల్లాడికి 0.4 అయితే 103, 0.9 అయితే 46 వస్తుంది. 90 లోపు వస్తే డాక్టరుతో ఆ మాట ఎత్తండి.

పీసీఎన్ఎల్ అయితే రక్తం గ్రూపు చూసి సిద్ధంగా ఉంచుతారు. 10 కిలోల పిల్లాడి ఒంట్లో మొత్తం రక్తం 750 నుంచి 800 మి.లీ. మాత్రమే. పెద్దవాళ్లకు లెక్కలోకి రాని 100 మి.లీ. అక్కడ ఎనిమిదో వంతు.

జలుబు, దగ్గు, పిల్లికూతలు ఉంటే దాచకుండా మత్తు డాక్టరుకు చెప్పండి. వాయిదా వేస్తే అది పిల్లాడి మేలుకే. ఆహారం మామూలుగా ఆరు గంటల ముందు ఆపాలి. డబ్బా పాలు, గేదె పాలు, మజ్జిగ కూడా ఆహారం కిందే లెక్క. తల్లిపాలు నాలుగు గంటల ముందు దాకా, నీళ్లు, గ్లూకోజ్ నీళ్లు రెండు గంటల ముందు దాకా ఇవ్వొచ్చు. కొన్ని ఆస్పత్రుల్లో నీళ్లకు గంట చాలంటారు. రాత్రి పదింటి నుంచి పచ్చి గంగ కూడా ముట్టనివ్వకుండా మధ్యాహ్నం ఆపరేషన్‌కు తీసుకెళ్లడం తప్పు. పిల్లాడు ఎండిపోతాడు, సూది వేయడానికి నరం కూడా దొరకదు. బరువు ఆ రోజే, తక్కువ బట్టలతో తూయించండి. ప్రతి మందూ కిలోల లెక్కనే ఇస్తారు.

సంతకం పెట్టే ముందు ఇవి అడగండి. మా పిల్లాడి సైజుకు సరిపోయే పరికరం ఇక్కడ ఉందా, ఎన్ని ఫ్రెంచ్? నాళం పట్టనివ్వకపోతే ఏం చేస్తారు? పిల్లలకు మత్తు ఇచ్చే అలవాటున్న డాక్టరు ఉంటారా? స్టెంట్ పెడితే ఏ తేదీన, ఎవరు తీస్తారు? రాయి ముక్క పరీక్షకు పంపుతారా? "అవసరం రాదులెండి" అన్న జవాబు రెండో ప్రశ్నకు సరిపోదు.

ఆరోగ్యశ్రీలో గానీ ఎన్టీఆర్ వైద్య సేవలో గానీ చేయించేవాళ్లు ఇంకొకటి అడగాలి. అనుమతి ఒక సిట్టింగ్‌కా, విడతలకా? స్టెంట్ తీయడం అందులోనే వస్తుందా? ఆస్పత్రిలో కూర్చునే ఆరోగ్యమిత్ర దగ్గర ఇది ముందే రాయించుకుంటే రెండో విడతకు మళ్లీ మొదటి నుంచి కాగితాలు తిప్పే పని తగ్గుతుంది.

థియేటర్‌లో ఏం జరుగుతుంది

మినీ పీసీఎన్ఎల్ వరస ఇది. పూర్తి మత్తు ఇచ్చాక ముందు వెల్లకిలా ఉంచి మూత్రమార్గంలోంచి కిడ్నీ దాకా 3 నుంచి 5 ఫ్రెంచ్ గొట్టం పంపుతారు. దాని ద్వారా మందు ఎక్కించి కిడ్నీ గదులు కనబడేలా చేస్తారు. తర్వాత బోర్లా తిప్పి ఛాతీ కింద, తుంటి కింద మెత్తలు పెడతారు, కడుపు మాత్రం ఒత్తిడి లేకుండా వేలాడాలి. కొందరు వెల్లకిలానే ఉంచి చేస్తారు. అల్ట్రాసౌండ్ చూస్తూ 18 గేజ్ సూదిని అనుకున్న గదిలోకి గుచ్చుతారు. మూత్రం చుక్క కనబడగానే సూదిలోంచి తీగ పంపి, ఆ తీగ మీదుగా దారిని వెడల్పు చేసి తొడుగు దించుతారు. పిల్లల కిడ్నీ మెత్తగా, కదులుతూ ఉంటుంది. వెడల్పు చేసే కడ్డీ కొంచెం లోతుగా పోతే అవతలి గోడ చిల్లు పడుతుంది, తక్కువ లోతుకే ఆగితే దారి దొరకదు. ఆపరేషన్ మొత్తంలో చెయ్యి తిరగాల్సిన ఘట్టం ఈ రెండు మూడు నిమిషాలే.

తర్వాత లేజర్. ముక్కలు వెనక్కి వచ్చే నీటి సుడిలో వాటంతటవే తొడుగులోంచి కొట్టుకొస్తాయి. వాడే నీళ్లు మామూలు సెలైనే అయ్యుండాలి, ఒంటి వేడికి వెచ్చబెట్టినవై ఉండాలి. ఉత్త నీళ్లు లోపలికి ఇంకితే సోడియం పడిపోతుంది, చల్లని సెలైన్ పోస్తే పిల్లాడి ఒళ్లు త్వరగా చల్లబడుతుంది. సెలైన్ సంచిని ఎత్తులో వేలాడదీస్తే కిడ్నీలో ఒత్తిడి పెరిగి క్రిములు రక్తంలోకి పోతాయి. ఆ ఒత్తిడి 30 మి.మీ. పాదరసం దాటకుండా చూసుకుంటారు. ఎక్స్‌రే కెమెరాను అవసరమైన క్షణాలకే వాడి, జననాంగాలకు సీసం కవచం వేస్తారు.

రక్తం ఎక్కువై చూపు మసకబారినా, సమయం గంటన్నర దాటుతున్నా మిగిలిన ముక్కల కోసం పట్టుబట్టకుండా గొట్టం పెట్టి ఆపి, ఇంకో రోజు చేయడం మంచి పద్ధతి. సూది 11వ పక్కటెముక పైనుంచి వెళ్తే ఛాతీలో నీరు చేరవచ్చు, అందుకే అలాంటి కేసుల్లో ఛాతీ ఎక్స్‌రే తీస్తారు.

స్టెంట్ పొడవుకు ఒక తేలిక లెక్క ఉంది: పిల్లాడి వయసుకు పది కలిపితే సెంటీమీటర్లు. ఆరేళ్ల పిల్లాడికి 16. పెద్దవాళ్ల స్టెంట్ పెడితే మిగిలిన చుట్ట మూత్రాశయంలో గుచ్చుకుంటూ పిల్లాణ్ణి నిద్రపోనివ్వదు.

ఇంటికొచ్చాక

నెఫ్రాస్టమీ గొట్టం పెడితే మామూలుగా ఒకటి రెండు రోజుల్లో తీస్తారు. తీసిన చోట కట్టు ఒక పూట తడుస్తుంది. 24 గంటలు దాటినా మూత్రం కారుతూ ఉంటే చెప్పాలి. రెండు మూడు రోజులు మూత్రం పుచ్చకాయ రసం రంగులో రావడం మామూలే. చిక్కటి ఎరుపు, గడ్డలు మామూలు కాదు. ఇంకా ముఖ్యం, అంతా తెల్లగా మారాక ఐదో రోజునో, పదో రోజునో ఒక్కసారిగా ఎర్రగా వస్తే అది కిడ్నీలో రక్తనాళం బుడగలా ఉబ్బి చిట్లడం కావచ్చు. వెంటనే అదే ఆస్పత్రికి, లేదా రక్తనాళంలోంచి మూసే సౌకర్యం ఉన్న పెద్దాస్పత్రికి వెళ్లాలి. 38 డిగ్రీల సెల్సియస్ (100.4 ఫారెన్‌హీట్) దాటిన జ్వరం, ఆరు నుంచి ఎనిమిది గంటలు మూత్రం రాకపోవడం, కడుపు ఉబ్బడం, ఆగని వాంతులు ఉన్నా ఫోన్లో సలహా అడుగుతూ కూర్చోకండి.

నొప్పికి పారాసిటమాల్ కిలోకు 15 మి.గ్రా., ఆరు గంటలకోసారి, రోజుకు నాలుగు డోసులు మించకుండా. మన మందుల షాపుల్లో ఈ సిరప్ రెండు బలాల్లో దొరుకుతుంది, ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే. 16 కిలోల పిల్లాడికి 240 మి.గ్రా. కావాలి. 5 మి.లీ.లో 250 ఉన్న సీసాలో అది 4.8 మి.లీ., 5 మి.లీ.లో 120 ఉన్న సీసాలో 10 మి.లీ. సీసా మారితే లెక్క రెట్టింపో, సగమో అవుతుంది. సిరంజితో కొలవండి, వంటింటి చెంచాతో కాదు. కిడ్నీ పనితీరు తక్కువున్న పిల్లలకు ఐబుప్రోఫెన్ అడక్కుండా ఇవ్వొద్దు.

స్టెంట్ ఉన్నన్నాళ్లూ మాటిమాటికీ ఒకటికి పోవడం, పోసేటప్పుడు నడుములో నొప్పి, ఆడుకున్నాక మూత్రంలో ఎర్రజీర మామూలే. భరించలేకపోతే మూత్రాశయం బిగుతు తగ్గించే మందు ఉంటుంది, అడగండి. పిల్లలకు స్టెంట్ తీయడానికి చాలాసార్లు ఇంకో చిన్న మత్తు కావాలి. ఇక్కడే కుటుంబాలు జారిపోతాయి. పిల్లాడు ఆడుకుంటున్నాడు, నొప్పి లేదు, "ఇంకో మత్తు ఎందుకు" అని వాయిదా వేస్తారు. మూడు నెలలు దాటిన స్టెంట్ చుట్టూ రాయి పేరుకుంటుంది. అప్పుడు దాన్ని తీయడానికే మొదటి దానికంటే పెద్ద ఆపరేషన్ కావాలి. తేదీని గోడ క్యాలెండర్ మీదా, ఇద్దరి ఫోన్లలోనూ రాయండి. ఊరు మారితే డిశ్చార్జ్ కాగితంలో "స్టెంట్ ఉంది" అన్న వాక్యం కింద గీత గీసి పెట్టండి.

రాయి పోయింది, కారణం పోలేదు

పెద్దవాళ్లకు మొదటి రాయికి అన్ని పరీక్షలూ చేయకపోవచ్చు. పిల్లలకు మొదటి రాయికే చేయాలి. తీసిన ముక్కను కడిగి ఆరబెట్టి ఖాళీ డబ్బాలో ల్యాబ్‌కు ఇవ్వండి, ఫార్మలిన్‌లో (బయాప్సీ ముక్కలు నిల్వ చేసే ద్రవంలో) వేయొద్దు. క్యాల్షియం ఆక్సలేట్ అయితే ఒక దారి, ఇన్ఫెక్షన్ రాయి అయితే ఇంకో దారి, సిస్టీన్ అయితే జీవితాంతం మందు.

24 గంటల మూత్ర పరీక్ష ఇన్ఫెక్షన్ పోయి, స్టెంట్ తీసి, పిల్లాడు మామూలు తిండి తింటున్నప్పుడు, అంటే కొన్ని వారాల తర్వాత చేయించాలి. ఉదయం లేవగానే పోసిన మొదటి మూత్రాన్ని పారేసి టైము రాసుకోండి. అక్కణ్ణుంచి ప్రతిదీ పట్టి, మర్నాడు అదే టైముకు పోసినది కూడా కలపాలి. మొదటిది కలపడం, ఆఖరిది వదిలేయడం మామూలుగా జరిగే తప్పు. స్కూలు లేని రోజున పెట్టుకోండి. ల్యాబ్ ఇచ్చే కొన్ని క్యాన్లలో యాసిడ్ ఉంటుంది, పిల్లాణ్ణి నేరుగా అందులో పోయనివ్వొద్దు. మగ్గులో పట్టి పోయండి. రోజుకు కిలోకు 4 మి.గ్రా. మించి క్యాల్షియం పోతుంటే అది ఎక్కువ కిందే లెక్క.

మేనరికం పెళ్లి అయితే డాక్టరు అడక్కపోయినా చెప్పండి. సిస్టీన్ రాళ్లు, కాలేయంలో ఆక్సలేట్ ఎక్కువ తయారయ్యే జబ్బు, కిడ్నీ ఆమ్లాన్ని బయటికి పంపలేని జబ్బు, ఇవి ఎక్కువగా తల్లీతండ్రీ ఇద్దరి వైపు నుంచీ లోపం అందితే వచ్చేవి. దగ్గరి సంబంధాల్లో ఆ అవకాశం ఎక్కువ. అలాంటప్పుడు తమ్ముడికీ చెల్లికీ కూడా ఒక అల్ట్రాసౌండ్ తీయించాలి.

నీళ్ల లెక్క ఒళ్లు చూసి వేయాలి. 12 కిలోల పిల్లాడికి రోజుకు 800 మి.లీ. నుంచి లీటరు, 20 కిలోలకు 1.2 నుంచి 1.6 లీటర్లు, 35 కిలోలకు 1.8 నుంచి 2.3 లీటర్లు. ఎండాకాలంలో ఇంకా పెంచాలి. మూత్రం లేత నిమ్మరంగులో ఉంటే చాలు. స్కూల్లో బాత్రూం బాగోదని పొద్దున్నించి సాయంత్రం దాకా నీళ్లు ముట్టని పిల్లలు, ముఖ్యంగా ఆడపిల్లలు, బోలెడంతమంది. టీచరుతో మాట్లాడి ఆ చిక్కు తీర్చకపోతే సీసా నిండుగానే ఇంటికొస్తుంది.

పాలు, పెరుగు మానిపించొద్దు. క్యాల్షియం రాయి కదా అని చాలామంది చేసే తప్పు ఇదే. తిండిలోని క్యాల్షియం, రాయి కట్టించే ఆక్సలేట్‌ను పేగులోనే పట్టేస్తుంది. అది లేకపోతే ఆక్సలేట్ కిడ్నీకి ఎక్కువ చేరుతుంది, ఎదిగే ఎముకలు కూడా దెబ్బతింటాయి. తగ్గించాల్సింది ఉప్పు: ఊరగాయ, అప్పడాలు, చిప్స్, నూడుల్స్ మసాలా పొట్లం. పాలకూర, చుక్కకూర, బీట్‌రూట్, చాక్లెట్ ఆక్సలేట్ ఎక్కువని తేలినవాళ్లకు తగ్గించాలి, అందరికీ కాదు. టమాటా గింజల భయం ఉత్తదే. నిమ్మరసం నీళ్లలో పిండి ఇస్తే రాయి కట్టకుండా అడ్డుకునే సిట్రేట్ అందుతుంది, కాకపోతే ఉప్పు వేయకుండా.

ఆపరేషన్ అయిన నాలుగు నుంచి ఆరు వారాల్లో అల్ట్రాసౌండ్ తప్పనిసరి, పిల్లాడికి ఏ బాధా లేకపోయినా. నాళం ఇరుకైతే నొప్పి లేకుండానే కిడ్నీ ఉబ్బుతుంది. తర్వాత మూడు నెలలకు, ఆపైన ఆరు నెలలకో, ఏడాదికో ఒకసారి. "3 మి.మీ. ముక్క మిగిలింది, పర్లేదు" అని రిపోర్టులో వస్తే పెద్దవాళ్ల లెక్కలో పర్లేదేమో. పిల్లల్లో ఆ ముక్కే మళ్లీ పెరిగే విత్తనం కావచ్చు, దాని కొలత ప్రతి స్కానింగ్‌లో విడిగా రాయించండి. ఫైల్లో ఆపరేషన్ నోట్, రాయి పరీక్ష కాగితం, స్టెంట్ పెట్టిన, తీసిన తేదీలు, స్కానింగ్ ఫిల్ములు ఒకేచోట ఉంచండి. ఐదేళ్ల తర్వాత ఇంకో ఊళ్లో ఇంకో డాక్టరు అడిగేది ఈ నాలుగే.